సొమ్ము ఊరిది, లెక్క క్లర్కుది

అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడని మనకో సామెత. పన్నుల డబ్బులోంచి సంఘాలకు చందాలిచ్చే ఏ స్థానిక సంస్థ మీదైనా ఈ మాట విసరొచ్చు. ఇచ్చే సభ్యుడి జేబుకు చిల్లు పడదు, పేరు మాత్రం ఆయనకే వస్తుంది. పుచ్చుకున్న సంఘం ఆయన బొమ్మతో ఫ్లెక్సీ కడుతుంది. అలాగని ఇవ్వడమే మానేస్తే, ముసలివాళ్ళకు వారానికోపూట భోజనం పెట్టే నలుగురూ, పిల్లలకు ఆటలు నేర్పే క్లబ్బూ, ఊరి బ్యాండు బృందమూ ఎన్నాళ్ళు నిలుస్తాయి? ఇవ్వాలి, అది అల్లుడి దానం కాకూడదు. ఈ రెండిటినీ ఒకచోట కుదర్చడానికి ఇంగ్లండ్‌లో ఒక చట్టం పడ్డ తంటాలు చూస్తే ముచ్చటేస్తుంది. 1972 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం, 137వ సెక్షన్. చట్టాలను అవసరం పడితే తప్ప ఎవరూ చదవరు. దీన్ని మాత్రం పనితనం కోసం చదవమంటాను.

ముందు రంగస్థలం. ఇంగ్లండ్ పాలనలో అట్టడుగు మెట్టు పారిష్ కౌన్సిల్. ఊరు కాస్త పెద్దదైతే టౌన్ కౌన్సిల్ అంటారు. రెండూ కలిపి సుమారు పది వేలున్నాయి. మన పంచాయతీతో పోల్చబుద్ధవుతుంది గాని, దీని చేతిలో ఉండేవి ఆట మైదానాలు, శ్మశానాలు, బల్లలు, బస్ షెల్టర్లు, ఊరి హాలు వంటి చిన్నచిన్న పనులే. పైనుంచి వచ్చే నిధులు కూడా తక్కువ. పెద్ద కౌన్సిల్ వసూలు చేసే కౌన్సిల్ టాక్స్‌లో తన వంతుగా ఇంత కలపమని ఏడాదికోసారి అడిగి తీసుకుంటుంది. దాన్ని ప్రిసెప్ట్ అంటారు. సభ్యుల్లో ఎక్కువమంది జీతం లేకుండా పనిచేసేవాళ్ళే. చాలా ఊళ్ళలో జీతం తీసుకునే మనిషి ఒక్కరే: క్లర్కు. అదీ వారానికి కొన్ని గంటల కొలువు, తరచుగా సొంత ఇంటి బల్ల మీదే ఆఫీసు. మన కథలో అసలు పనిమంతులు ఈ క్లర్కులే.

ఇక సెక్షన్‌లోకి వెళదాం. తమ ప్రాంతానికో, అందులో ఒక భాగానికో, అక్కడి జనంలో అందరికో కొందరికో మేలు జరుగుతుందని కౌన్సిల్ భావిస్తే ఖర్చు పెట్టవచ్చు అంటుంది. చాలా ఉదారంగా తెరిచిన తలుపు. ఏ పనికని చెప్పలేదు. భజన బృందమా, మొక్కలు నాటేవాళ్ళా, చదరంగం క్లబ్బా అని అడగలేదు. అంత బార్లా తెరిచాక, ఆ వెంటనే గడియలు బిగించడం మొదలుపెడుతుంది. ఆ బిగింపులోనే ఉంది అందమంతా.

మొదటిది: మేలు నేరుగా జరగాలి. ఊరికి పరోక్షంగా మంచి పేరొస్తుంది, పదిమంది మన గురించి మాట్లాడుకుంటారు అంటే చాలదు. రెండోది: ఆ మేలు పెట్టిన ఖర్చుకు దీటుగా ఉండాలి. వంద పౌండ్ల మేలుకు వెయ్యి పౌండ్లివ్వడం కుదరదు. వినడానికి ఇది వట్టి ఇంగితజ్ఞానం. కాని ఇంగితజ్ఞానాన్ని చట్టంలో రాస్తే ఏమవుతుందంటే, ప్రతి గ్రాంటు దగ్గరా కౌన్సిల్ ఆ ప్రశ్న వేసుకుని తీరాలి. వేసుకోలేదని ఎవరైనా చూపగలిగితే ఆ ఖర్చు చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. మూడోది నాకు మరీ ఇష్టం. ఇదే పనికి వేరే చట్టంలో అధికారం ఉంటే ఈ సెక్షన్ ముట్టుకోకూడదు. అందుకే క్లర్కులు దీన్ని ఆఖరి దిక్కు అంటారు. మిగతా దారులన్నీ వెతికి, లేవని తేల్చుకుని, అప్పుడు దీని దగ్గరికి రావాలి.

నాలుగోది పైకప్పు. ఏడాది మొత్తానికి ఈ సెక్షన్ కింద ఎంత ఖర్చు పెట్టొచ్చో ఒక గుణకారం తేలుస్తుంది. ఏప్రిల్ 1న ఓటర్ల జాబితాలో ఎంతమంది ఉన్నారో చూసి, ఆ సంఖ్యను ప్రభుత్వం ప్రకటించిన తలసరి మొత్తంతో గుణిస్తారు. 2025-26కు ఆ తలసరి 11 పౌండ్ల 10 పెన్నీలు. 2400 మంది ఓటర్లున్న ఊరనుకుంటే 26,640 పౌండ్లు. ఇది ఇచ్చి తీరాల్సిన మొత్తం కాదు, దాటకూడని గీత. ఖర్చంతా వేరే పద్దులో చూపించాలని కూడా అదే సెక్షన్ అంటుంది, గీత దాటారో లేదో ఎవరైనా ఒక్క చూపులో పట్టుకునేలా.

ఆ తలసరి అంకె రిటైల్ ధరల సూచీ వెంట నడుస్తుంది. 2022-23లో 8 పౌండ్ల 82 పెన్నీలుండేది. ధరలు మండిపోయిన ఆ ఏడు దాటేసరికి 9 పౌండ్ల 93 అయింది, మరుసటి ఏడాది 10 పౌండ్ల 81. మంత్రిగారు దయతలచి పెంచే అంకె కాదన్నమాట. మన దగ్గర ఎన్నో చట్టాల్లో ఎప్పుడో రాసిన రూపాయల పరిమితులు దశాబ్దాల తరబడి అలాగే పడి ఉండి, చివరికి ఎందుకూ కొరగాకుండా పోయిన సంగతి తెలిసినవాళ్ళకు ఈ చిన్న ఏర్పాటు విలువ తెలుస్తుంది.

ఇప్పుడు ఆ 2400 ఓటర్ల ఊహాగ్రామంలోనే క్లర్కు బల్ల దగ్గర కాసేపు కూర్చుందాం. దరఖాస్తులు అయిదొచ్చాయనుకోండి. క్రికెట్ క్లబ్బుకు గడ్డి కోసే యంత్రం కావాలి. బ్యాండు బృందానికి వేసవి కచేరీ ఖర్చు కావాలి. అప్పులతో, అద్దె తగాదాలతో సతమతమయ్యేవాళ్ళకు ఉచిత సలహా చెప్పే కేంద్రం సాయమడిగింది. ఆస్పత్రికి వెళ్ళలేని పెద్దవాళ్ళను తీసుకెళ్ళే మినీబస్సు నడిపేవాళ్ళు డీజిల్ ఖర్చుకు రాశారు. వారానికోసారి ముసలివాళ్ళకు భోజనం పెట్టే బృందం కొత్త పొయ్యి కోసం రాసింది.

కొత్తగా కొలువులో చేరిన వ్యక్తి అయితే అయిదింటినీ 137 కింద రాసేస్తారు. పని తెలిసిన క్లర్కు అలా చేయరు. క్రికెట్ యంత్రానికి 1976 నాటి చట్టం 19వ సెక్షన్ ఉంది, క్రీడా వినోద సౌకర్యాలకని. కచేరీకి 1972 చట్టంలోనే 145. సలహా కేంద్రానికి 142. మినీబస్సుకు 1997 చట్టం 27వ సెక్షన్. ఇలా నాలుగూ వాటి వాటి అరల్లోకి వెళ్ళిపోయాక మిగిలింది భోజనం బృందం ఒక్కటే. దానికి 137. పైకప్పు కింద అరిగేది ఆ ఒక్క పొయ్యి ఖర్చే. మిగతా నాలుగింటికీ ఆ గుణకారంతో సంబంధం లేదు. పోపులపెట్టెలో ఏ గిన్నెలో ఏముందో చూడకుండా చెయ్యి పెట్టే ఇల్లాలి నేర్పు ఇది. బయటివాళ్ళకు కనపడదు, సమావేశంలో చప్పట్లూ ఉండవు. మినిట్స్ పుస్తకంలో ప్రతి గ్రాంటు పక్కనా ఏ చట్టం, ఏ సెక్షన్ కింద ఇచ్చారో ఒక చిన్న ముక్క కనిపిస్తుంది, అంతే. ఆ ముక్క సరిగా రాసి ఉన్న మినిట్స్ చూస్తే ఆ ఊళ్ళో క్లర్కు ఎలాంటివారో చెప్పేయొచ్చు.

సమావేశం తీరు కూడా చూడాలి. గ్రాంటు సంగతి అజెండాలో ముందే ఉండాలి. లేకపోతే ఆ రోజు నిర్ణయం చేయకూడదు. అజెండా మూడు పూర్తి రోజుల ముందు బయటపెట్టాలి. నోటీసిచ్చిన రోజూ, సమావేశం రోజూ లెక్కలోకి రావు. తలుపులు జనానికి తెరిచే ఉంటాయి, 1960 నుంచీ అది చట్టం. క్రికెట్ క్లబ్బు కమిటీలో ఉన్న కౌన్సిలర్ ఆ సంగతి మొదట్లోనే చెప్పాలి. చాలా కౌన్సిళ్ళ నియమావళి ప్రకారం ఆ అంశం వచ్చినప్పుడు గది బయటికి వెళ్ళాలి. అన్నిటికన్నా గట్టిది ఇంకొకటి: ఛైర్మన్‌తో సహా ఏ ఒక్క కౌన్సిలర్‌కూ తనంతట తాను ఒక పెన్నీ మంజూరు చేసే అధికారం లేదు. కౌన్సిల్ అధికారాన్ని కమిటీకి అప్పగించొచ్చు, ఉద్యోగికి అప్పగించొచ్చు, ఒంటరి సభ్యుడికి మాత్రం అప్పగించడానికి చట్టం ఒప్పుకోదు. అల్లుడి దానానికి అక్కడే తలుపు మూసేశారు. చెక్కు మీద ఇద్దరు సభ్యుల సంతకం ఉండాలన్న పాత నిబంధన 2014 దాకా చట్టంలోనే ఉండేది. ఆన్‌లైన్ చెల్లింపుల రోజుల్లో అది ఇబ్బందవుతోందని తీసేశారు గాని, డబ్బు కదలాలంటే ఇద్దరు చూడాలన్న పద్ధతిని ఇప్పటికీ చాలామంది వదల్లేదు.

డబ్బు వెళ్ళిపోయాక చట్టం నిద్రపోతుందా? అదే 137 పక్కన 137ఏ అని ఒకటి అతికించారు. ఒక ఏడాదిలో ఒక స్వచ్ఛంద సంస్థకు ఇచ్చింది 2000 పౌండ్లకు చేరితే, ఆ డబ్బు దేనికి వాడారో పన్నెండు నెలల్లోగా రాతపూర్వకంగా చెప్పాలన్నది ఇచ్చేటప్పుడే పెట్టాల్సిన షరతు. పెట్టొచ్చు అనలేదు, పెట్టాలి అంది. ఆ కాగితాన్ని ఊరివాళ్ళెవరైనా అడిగి చూడొచ్చు. పైగా ఏటా 30 పనిదినాల పాటు కౌన్సిల్ లెక్కల పుస్తకాలను జనం తనిఖీకి పెట్టాలి. జూలై మొదటి పది పనిదినాలు అందులో తప్పకుండా ఉండాలి. అంటే ఊళ్ళన్నీ ఒకే వేళకు తెరిచి ఉంచుతాయి, ఎప్పుడు వెళ్ళి అడగాలో ఎవరూ వెతుక్కోనక్కర్లేదు.

ఇదంతా ఒక్క రోజులో పుట్టిన తెలివి కాదు. మొదట 1963లో కౌన్సిళ్ళకు ఆస్తి పన్ను విలువలో పౌండుకు ఒక పెన్నీ దాకా ఇష్టం వచ్చిన మంచిపనికి వాడుకునే వెసులుబాటిచ్చారు. 1972 చట్టం దాన్ని రెండు పెన్నీలు చేసింది. 1981 నుంచి 1986 దాకా కెన్ లివింగ్‌స్టన్ నాయకత్వంలో నడిచిన గ్రేటర్ లండన్ కౌన్సిల్ ఇలాంటి అధికారాలను పట్టుకుని మహిళా సంఘాలకు, వలసవచ్చినవాళ్ళ సంఘాలకు, అప్పటిదాకా ఎవరూ తలుపు తీయని బృందాలకు గ్రాంట్లు కురిపించింది. పత్రికలు వెక్కిరించాయి. థాచర్ ప్రభుత్వానికి కంటగింపయింది. 1986 మార్చి 31తో ఆ కౌన్సిల్నే ఎత్తేశారు. అదే ఏడాది విడికూంబ్ కమిటీ స్థానిక సంస్థల నడవడి మీద నివేదిక ఇచ్చింది. దాని వెనకే వచ్చిన 1989 చట్టంలో ఖర్చుకు దీటైన మేలు ఉండాలన్న షరతు, ఏడాదిలోగా లెక్క చెప్పమనే 137ఏ, తలసరి పైకప్పు చేరాయి. కోపంతో చేసిన చట్టమే. అయినా కోపంలో కూడా ఇవ్వడాన్ని రద్దు చేయలేదు, ఇచ్చే తీరును బిగించారు. ఆ రోజుల్లో గ్రాంట్ల మీద సాగిన దుమారం చూస్తే, పూర్తిగా కొట్టేసి ఉంటారనే అనుకుంటాం.

గ్రేటర్ లండన్ కౌన్సిల్ తుడిచివేతలో సంఘాలన్నీ ఒక్కసారి వీధిన పడకుండా, దాన్ని ఎత్తేసిన 1985 చట్టమే 48వ సెక్షన్‌లో ఉమ్మడి గ్రాంట్ల పథకానికి చోటిచ్చింది. 32 బరోలూ (లండన్ స్థానిక పాలనా విభాగాలు), లండన్ సిటీ కార్పొరేషనూ జనాభా దామాషాన తలా ఇంత వేసి నడిపే పథకం అది.

ఈ పనితనంలో పగుళ్ళు లేవని అనను. చర్చి సంగతి చూడండి. 1894లో పారిష్ కౌన్సిళ్ళను పుట్టించిన చట్టం ఊరి లౌకిక వ్యవహారాలను చర్చి నుంచి విడదీయడానికే వచ్చింది. అందుకని చర్చి ఆస్తి మీద ఖర్చు పెట్టకూడదన్న అర్థం వచ్చే మాట ఒకటి 8వ సెక్షన్‌లో పెట్టారు. నూరేళ్ళు దాటాక కూడా ఆ మాట క్లర్కులను వేధించింది. చర్చి గోపురం మీద ఊరందరికీ కనపడే గడియారం ఉంటే 1957 చట్టం కింద దాన్ని బాగు చేయించొచ్చు. ఆ గడియారాన్ని మోస్తున్న గోడ కారుతుంటే ఇవ్వొచ్చా కూడదా అని న్యాయవాదులు తలో మాట చెప్పేవారు. ఊళ్ళో పిల్లల ప్రీస్కూల్ తరగతులూ, వృద్ధుల టీ సమావేశాలూ జరిగే హాలు చర్చిదే అయితే చిక్కు మరీ ఎక్కువ. చివరికి 2023లో ఒక చట్టం ఆ పాత మాట అడ్డు కాదని తేల్చింది. ఒక అనుమానం తీరడానికి 129 ఏళ్ళు. నేర్పరి చేతిలో కూడా ఒక్కోసారి ఉలి జారుతుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి.

ఇంకో పరిమితి మనకు తగిలేది. ధార్మిక సంస్థలకు, ఉదాహరణకు హెలికాప్టర్ అంబులెన్సు నడిపేవాళ్ళకు, ఇవ్వడానికి 137లోనే మూడో ఉపసెక్షన్ వేరే తలుపు తెరిచింది. అక్కడ నేరుగా తమ ఊరికే మేలు జరగాలన్న పట్టు లేదు. కాని ఆ సంస్థ యునైటెడ్ కింగ్‌డమ్‌లో చేసే పనికే ఆ డబ్బు వెళ్ళాలి. రేపు మన తీరాన్ని ఏ తుపానో ముంచెత్తితే, అక్కడి పారిష్ సభ్యులందరి కళ్ళూ చెమ్మగిల్లినా ఆ దారిన ఒక్క పెన్నీ కదలదు. వాళ్ళు సొంత జేబుల్లోంచి ఇవ్వాల్సిందే. కఠినంగా అనిపిస్తుంది గాని నాకు ఇందులో తప్పు కనపడలేదు. ఊరి పన్ను ఊరికి అన్న మాటను నమ్మి చేసిన చట్టం ఇంకెలా ఉంటుంది?

గ్రాంటు ఇవ్వడానికే కాదు, ఆపడానికి కూడా నేర్పు కావాలి. ఆ పాఠం పారిష్‌ల నుంచి కాదు, పడమటి లండన్ నుంచి వచ్చింది. సౌత్‌హాల్ బ్లాక్ సిస్టర్స్ 1979లో మొదలైంది. ఇంటి హింసకు గురైన ఆసియా, ఆఫ్రో-కరీబియన్ మహిళలకు అండగా నిలిచే సంస్థ. ఈలింగ్ కౌన్సిల్ ఏళ్ళ తరబడి దానికి గ్రాంటిచ్చింది. తర్వాత జాతితో నిమిత్తం లేకుండా బరో మొత్తానికీ ఒకే సేవ ఉండాలి, డబ్బు దానికే ఇస్తాం అంది. పైకి ఎంత న్యాయంగా వినిపిస్తుంది! 2008లో సంగతి హైకోర్టుకెక్కింది. విచారణ మధ్యలోనే కౌన్సిల్ వెనక్కి తగ్గింది. అయినా న్యాయమూర్తి మోజెస్ తీర్పు రాశారు. నిర్ణయం ఎవరి మీద ఎలా పడుతుందో తేల్చుకోవడం నిర్ణయానికి ముందు జరగాలి, తర్వాత సమర్థించుకోవడానికి కాదన్నారు. ఒక వర్గపు ప్రత్యేక అవసరం చూసి పనిచేసే సంస్థ ఉండటం ఐక్యతకు విరోధం కాదనీ అన్నారు. ఆ తర్వాత గ్రాంట్లు కోసే ఏ కౌన్సిల్ అధికారైనా ముందుగా ఈ తీర్పు గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చింది.

పెద్ద కౌన్సిళ్ళలో మాత్రం గ్రాంటు అనే పద్ధతే సన్నబడుతోంది. దాని చోట కాంట్రాక్టులు వచ్చాయి. నువ్వు చేస్తున్న పనికి చేయూత అనడం పోయి, నేను చెప్పిన పనికి ఇంత రేటు అనడం. చిన్న సంఘాలు ఆ టెండరు కాగితాలు నింపలేక తప్పుకుంటాయి. నా మటుకు నాకు ఇది దిగజారుడే. పారిష్ గ్రాంటులో ఇంకా మిగిలి ఉన్న మర్యాద అదే: పని సంఘానిది, కౌన్సిల్ దాని వెనక నిలబడుతుంది.

మన దగ్గర స్థానిక సంస్థ చేతి మీదుగా ప్రజాసంస్థకు డబ్బు చేరే ఏర్పాటంటే నాకు తట్టేది గ్రంథాలయ పన్ను. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున వసూలవుతుంది, జిల్లా గ్రంథాలయ సంస్థకు వెళ్ళాలి. వసూలు చేసినవాళ్ళ దగ్గరే బకాయిలు పేరుకుపోతున్నాయన్న ఫిర్యాదు పాతదే. అక్కడి 137కూ దీనికీ పోలిక లేదు. కాని వేరే పద్దు, జనం చూడదగ్గ లెక్క, గడువులోగా జవాబు అన్న మూడు చిన్న సంగతులు అక్కడినుంచి ఎరువు తెచ్చుకుంటే మన గ్రంథాలయాలకు నష్టమేమీ లేదు.

ఇంగ్లండ్‌లో ఉంటూ ఉగాదికీ సంక్రాంతికీ హాలు అద్దెకు తలా ఇంత వేసుకునే తెలుగు సంఘాలవాళ్ళకు ఒక మాట. మీరుండే చోట పారిష్ లేదా టౌన్ కౌన్సిల్ ఉందేమో చూడండి. లండన్‌లో దాదాపు ఎక్కడా ఉండదు, చాలా నగరాల్లోనూ ఉండదు, అక్కడ బరో కౌన్సిల్‌నో సిటీ కౌన్సిల్‌నో అడగాలి. ఉంటే క్లర్కుకు రాసి గ్రాంటు దరఖాస్తు తెప్పించుకోండి. సంఘానికి ఒక నియమావళి, సంఘం పేరునే బ్యాంకు ఖాతా, నిరుటి లెక్కలు అడుగుతారు. అధ్యక్షులవారి సొంత ఖాతాలో నడిపే అలవాటుంటే ముందు అది మానుకోవాలి. కార్యక్రమం మనవాళ్ళకే అని రాయకండి, ఊళ్ళో ఎవరైనా రావచ్చని రాయండి, నిజంగానే రానివ్వండి. ఇంకొకటి: అక్కడ చట్టబద్ధంగా నివసిస్తున్న భారత పౌరులకు కామన్వెల్త్ పౌరులుగా ఓటర్ల జాబితాలో చేరే హక్కుంది. మీరు నమోదైతే ఓటు వస్తుంది. మీ ఊరి క్లర్కు 137 కింద వేసే గుణకారంలో ఒకటి కూడా పెరుగుతుంది.